దృగ్గణిత పంచాంగకర్త చింతామణి రఘునాథాచార్యులు

ఉగాది పర్వదినమున ఊరివారందరు దేవాలయ మండపమున చేరి పంచాంగ శ్రవణము చేయుట తెలుగువారి ఆచారము. తిథి, వారము, నక్షత్రము, యోగము, కరణము అను అయిదు అంగములు గలది గావున దానికి పంచాంగమని పేరు వచ్చినది. వానలు, పంటలు, ఆదాయ వ్యయములు విన్న పిమ్మట శ్రోతలు తప్పక అడుగు సంగతి యొకటి కలదు. ఈ యేడు గ్రహణము లెన్ని, వానిలో మనకు కనబడున వెన్ని అనునదే ఆ సంగతి. కాణిపాకమున వరసిద్ధి వినాయకస్వామి సన్నిధి మొదలు పల్లెలోని చిన్న గుడి వరకు గ్రహణవేళ తలుపులు మూయుట, విడుపు స్నానము, సంప్రోక్షణ మున్నగున వన్నియు ఆ గణనను బట్టియే జరుగును. శ్రీకాళహస్తి ఆలయము మాత్రము గ్రహణకాలమున తెరచియే యుండుట లోకవిదితము. మూయు గుడికైనను తెరచియుంచు గుడికైనను పట్టు విడుపుల వేళ తెలియుట అవసరమే.

అయితే రెండు పంచాంగములు రెండు వేళలు చెప్పినచో గృహస్థు దేనిని నమ్మవలెను? తిథి యెప్పుడు ముగియునో సామాన్యుని కంటికి కనబడదు. ఏకాదశి రెండు గడియల ముందు వచ్చినను, వెనుక వచ్చినను ఆకాశమున గుర్తేమియు నుండదు. గ్రహణము అట్టిది కాదు. చంద్రబింబపు అంచున నీడ సోకిన క్షణమును పశువుల కాపరియు చూడగలడు. పంచాంగకర్త గణన సరియైనదో కాదో ఊరందరి యెదుట తేల్చు పరీక్ష గ్రహణమే. ఈ పరీక్షకు పంచాంగము తల యొగ్గి తీరవలెనని, తప్పు తేలినచో దిద్దుకొనవలెనని, పందొమ్మిదవ శతాబ్దమున దక్షిణదేశమున దీక్షతో పాటుపడిన మహనీయుడు చింతామణి రఘునాథాచార్యులు.

ఆయన కృషి యొక్క విలువ తెలియుటకు ఆనాటి గణితపు స్థితిని కొంత గ్రహింపవలెను. 1825వ సంవత్సరము మే 31వ తేదీ రాత్రి చంద్రగ్రహణము సంభవించినది. కాలసంకలితమను గ్రంథమును రచించిన జాన్ వారెన్ అను దొర, పుదుచ్చేరిలోని యొక పంచాంగకర్తను పిలిపించి ఆ గ్రహణమును గణింపుమని కోరెను. ఆ పంచాంగకర్త కాగితము, కలము ముట్టలేదు. నేలపై గవ్వలను పేర్చుచు, కంఠస్థములైన వాక్యములలోని అక్షరములను అంకెలుగా మార్చుకొనుచు లెక్క ముగించెను. గ్రహణారంభమునకు ఆయన చెప్పిన వేళకును, నిజమైన వేళకును తేడా నాలుగు నిమిషములు మాత్రమే. మధ్యకాలమునకు వచ్చుసరికి తేడా 23 నిమిషము లయ్యెను. మోక్షకాలమునకు 52 నిమిషము లయ్యెను. పుస్తకమైనను చూడక నోటిలెక్కతో అంత దగ్గరగా చెప్పగలుగుట అద్భుతమే. ఐనను విడుపు వేళ రెండు గడియలకు పైగా తప్పుట లోపమే. మన సంప్రదాయ గణితపు బలమును, అది దిద్దుకొనవలసిన చోటును ఈ యొక్క ఉదాహరణమే చూపుచున్నది.

ఈ తేడా పూర్వుల అజ్ఞానము వలన కలిగినది కాదు. భూమినీడ చంద్రునిపై పడుట చేత చంద్రగ్రహణమును, చంద్రుడు సూర్యుని కప్పుట చేత సూర్యగ్రహణమును కలుగునని ఆర్యభటుడు క్రీస్తుశకము 499 నాటికే వివరించెను. చంద్రుని గతులకు వారు కట్టిన కొలతలు మిక్కిలి సూక్ష్మమైనవి. కాని రోజుకు తృణప్రాయమైన భేదమున్నను, అది వందల యేండ్లు కూడినచో గడియలగును. అందుచేతనే గణితమును ఆకాశముతో సరిపోల్చి దిద్దుకొనుటకు బీజ సంస్కారమని పేరు పెట్టిరి. కేరళదేశపు పరమేశ్వరుడు దీర్ఘకాలము గ్రహణములను పరిశీలించి 1431లో దృగ్గణితమను గ్రంథమును రచించెను. దృక్కు అనగా చూపు. చూపునకు సరిపడు గణితమే దృగ్గణితము. ఈ దృష్టి మన పెద్దలదే. నడుమ అది మరుగున పడుటయు, కంఠస్థమైన వాక్యమునే కడపటి ప్రమాణముగా ఎంచుటయు జరిగినది.

రఘునాథాచార్యులు 1820 దశకమున జన్మించిరి. వారిది పంచాంగ గణితము కులవిద్యగా గల వంశము. కావున సిద్ధాంత గణితము ఆయనకు ఇంటనే అబ్బినది. 1840 దశకమున, యౌవనారంభమునందే, ఆయన చెన్నపట్టణములోని వేధశాలలో ఉద్యోగమున ప్రవేశించిరి. ఇంటియందు నేర్చినది పూర్వుల లెక్క. కొలువున చేయవలసినది దూరదర్శినితో నక్షత్రములను కొలుచుట. ఈ రెండు విద్యలను ఒకే మనుష్యుడు నలుబది సంవత్సరముల కాలము చేత పట్టుకొని యుండుటయే ఆయన జీవితములోని విశేషము.

ఆ వేధశాలకు తెలుగువారితోను సంబంధము కలదు. 1786లో విలియం పెట్రీ అను కంపెనీ ఉద్యోగి తన సొంతమునకు నెలకొల్పుకొన్న పరిశీలనాలయమే దానికి మూలము. తరువాత ఈస్టిండియా కంపెనీవారు దానిని స్వీకరించి, 1792లో నుంగంబాకమున భవనము కట్టించిరి. యంత్రము కదలకుండ నిలుచుటకై లోపల పెద్ద నల్లరాతి స్తంభమును పాతిరి. ఆ కట్టడపు సంగతిని చెప్పు శాసనములను దానిపై ఇతర భాషలతో పాటు తెలుగునందును చెక్కించిరి. ఆ స్తంభము నేటికిని నుంగంబాకములోని వాతావరణశాఖ ఆవరణమున నున్నది. భారతదేశపు రైళ్లు చిరకాలము నడచినది ఈ వేధశాల లెక్కించి తెలిపిన మదరాసు కాలమును బట్టియే. దేశమంతటికి ఒకే ప్రమాణకాలము 1906లో ఏర్పడినది.

ఆచార్యులవారు కొలువున చేరిన దినములలో వేధశాలాధిపతి టి. జి. టైలరు. ఆయన 11,015 నక్షత్రముల స్థానములను కొలిచి 1844లో పట్టిక ప్రకటించెను. తరువాత డబ్ల్యూ. ఎస్. జేకబు మున్నగువారు ఆ పదవిని నిర్వహించిరి. 1861లో నార్మన్ పోగ్సన్ అధిపతిగా వచ్చెను. అధిపతులు మారుచుండిరి; ఆచార్యులవారు స్థిరముగ నుండిరి. క్రమముగా ఆయన ప్రథమ సహాయకుల పదవికి ఎదిగిరి. కొత్తగా వచ్చిన యామ్యోత్తర యంత్రముతో 1862 నుండి నక్షత్రములను కొలుచు పని మొదలైనది. ఆకాశమున ఉత్తర దక్షిణములుగా నున్న రేఖను నక్షత్రము దాటు క్షణమును గడియారముతో పట్టి వ్రాయుటయే ఆ పని. రాత్రి వెంబడి రాత్రి, ఏండ్ల తరబడి సాగవలసిన ఓర్పు గల పని యది. ఆ కొలతల ఫలముగా 5,303 నక్షత్రముల పట్టిక తరువాతి కాలమున వెలువడినది. దానికి ఆధారమైన కొలతలలో ఆచార్యులవారి చేతిమీదుగా జరిగినవి అనేకములు.

ఇట్లు కొలుచుచున్న కాలముననే, 1867లో, ఆయన ఒక నూతన విషయమును కనిపెట్టిరి. రెటిక్యులమ్ అను దక్షిణ నక్షత్రమండలములోని యొక తార వెలుగు ఒక తీరున నుండక హెచ్చుచు తగ్గుచు నున్నట్లు గుర్తించిరి. అది సుమారు తొమ్మిది నెలలకొక పర్యాయము ప్రకాశించి, మరల మసకబారు నక్షత్రము. దానికి ఆర్ రెటిక్యులై అని పేరు. మన ప్రాంతమున ఆ మండలము దక్షిణ దిక్కున నేలకు కొద్ది యెత్తుననే కనబడి క్రుంకిపోవును. అంత దిగువనున్న తారను పట్టి, వెనుకటి కొలతలతో పోల్చి, దాని వెలుగు మారినదని తెలుసుకొనుటకు కన్నొక్కటే చాలదు. వ్రాసిపెట్టిన లెక్కలపై విశ్వాసమును, వానిని తిరుగవేయు శ్రద్ధయు వలయును. వెలుగు మారు నక్షత్రమును కనుగొన్న తొలి భారతీయుడుగా శాస్త్రచరిత్ర ఆయనను స్మరించుచున్నది.

మరుసటి సంవత్సరము తెలుగుదేశము లోకమంతటి దృష్టిని ఆకర్షించినది. 1868వ సంవత్సరము ఆగస్టు 18వ తేదీన సంభవించిన సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ మన నేలపై నుండి సాగెను. సంపూర్ణత మన తీరమున అయిదు నిమిషములకు మించి యుండెను. దానిని చూచుటకై ఫ్రాన్సు దేశమునుండి జాన్సెన్ గుంటూరు చేరెను. టెన్నంటు బృందమును గుంటూరుననే విడిసెను. పోగ్సన్ మచిలీపట్టణమునకు పోయెను. వేధశాల పక్షమున మరియొక బృందమును నైజాము రాజ్యములోని వనపర్తికి పంపిరి. ఆ బృందమునకు నాయకత్వము వహించినది రఘునాథాచార్యులు. పరదేశపు పండితులు నడుపు పనిలో ఒక భారతీయునకు బృందమునే అప్పగించుట ఆనాడు సామాన్యమైన విషయము కాదు.

వనపర్తిలో విధి అనుకూలింపలేదు. మేఘములు అడ్డుపడి ఆ బృందము ఆశించిన ఫలము పొందలేకపోయెను. అదే ఉదయమున గుంటూరు, మచిలీపట్టణములలో సూర్యుని అంచున లేచు జ్వాలల కాంతిని వర్ణపటదర్శినితో పరిశీలించి, అవి మండుచున్న వాయువులని తేల్చిరి. గ్రహణము లేకపోయినను ఆ జ్వాలలను చూడవచ్చునని జాన్సెన్ మరునాడే గుంటూరున నిరూపించెను. ఆ కాంతిలో కనబడిన పసుపుపచ్చని రేఖయే హీలియము అను మూలపదార్థము యొక్క జాడయని పిమ్మట తెలిసినది. 1895లో ఆ వాయువు భూమిపైనను దొరికినది. చరిత్రలో గుంటూరు పేరు నిలిచినది. వనపర్తి పేరు అంతగా నిలువలేదు. వేళను, స్థలమును గణింపవచ్చునుగాని మేఘమును గణింపలేము. ఏండ్ల సన్నాహము కొన్ని నిమిషముల మబ్బువలన వ్యర్థమగుట గ్రహణ పరిశీలకులకు తప్పని గండము. ఆచార్యులవారు దానికి నిరుత్సాహపడి పని మానుకొనలేదు. 1871 డిసెంబరు 12వ తేదీ సంపూర్ణ సూర్యగ్రహణమును పరిశీలించుటకు కోయంబత్తూరు సీమలోని అవినాశికి పోయిన వేధశాల బృందమున ఆయనయు పాల్గొనిరి.

ఆయన కృషిని గుర్తించి లండనులోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీవారు 1872లో తమ సంఘమునకు సభ్యులుగా ఎన్నుకొనిరి. అదే కాలమున విశాఖపట్టణమున అంకితం వెంకట నరసింగరావుగారు, తమ మామగారైన గోడే వెంకట జగ్గారావుగారు స్థాపించిన సొంత వేధశాలను నడుపుచు, ఆ సంఘమున సభ్యత్వము పొంది యుండిరి. చెన్నపురిలో ఒక పంచాంగకర్త, విశాఖలో ఒక జమీందారీ కుటుంబీకుడు ఒకే ఆకాశమును యంత్రములతో కొలుచుచుండుట ఆ యుగపు విశేషము.

1874 డిసెంబరు 9వ తేదీన శుక్రగ్రహము సూర్యబింబమునకు అడ్డముగా నడచుట సంభవించెను. ఇది అత్యంత విరళమైన ఘటన. సూర్యుడు భూమికి ఎంత దూరమున నున్నాడో తేల్చుకొనుటకై ఐరోపా దేశములు పరిశీలకులను భూమి నలుమూలలకు పంపినవి. ఇంత గొప్ప సంగతి స్వదేశీయులకు తెలియకపోరాదని భావించి ఆచార్యులవారు దానిని వివరించు చిన్న పుస్తకమును రచించి, ఇంగ్లీషుననే గాక దేశభాషలలోను ప్రచురింపజేసిరి. శాస్త్రము ఉద్యోగుల గదిలో మూతపడి యుండక, చదువుకొన్న ప్రతి గృహస్థు ఇంటికి చేరవలెనను తలంపు ఆ చిన్న పుస్తకమున స్పష్టముగ కనబడుచున్నది. నేటి గ్రంథాలయముల ఆశయము ఇంతకంటె వేరు కాదు.

ఇన్ని పనులు చేయుచున్నను ఆయన మనస్సు పంచాంగము మీదనే యుండెను. పగలు ఇంటనున్న వాక్యగణితము చెప్పు చంద్రస్థానమును, రాత్రి యంత్రము చూపు చంద్రస్థానమును పక్కపక్కనే చూచువారికి తేడా మరుగున నుండదు. ఆ తేడాను దాచిపెట్టక, కంటికి కనబడు స్థానములను అనుసరించి గణించిన దృగ్గణిత పంచాంగమును ఆయన ప్రతి సంవత్సరము వెలువరించుచుండిరి. సంప్రదాయపు అయిదు అంగములు అందు అట్లే యుండెను. మారినదెల్ల వాని వెనుకనున్న లెక్క మాత్రమే. నూతన పద్ధతిని అనుసరించి గణించుటకు కావలసిన సూత్రములను, పట్టికలను సమకూర్చు ఉద్దేశముతో జ్యోతిష చింతామణి అను గ్రంథరచనకును పూనుకొనిరి. తాను చేసి చూపుటతో తృప్తినొందక, ఇతర పంచాంగకర్తలును చేయగలుగునట్లు దారి వేయుట దాని లక్ష్యము.

ఇది తేలికైన పని కాదు. తిథి మారినచో వ్రతము మారును, పితృకార్యము మారును, ముహూర్తము మారును. తాతలనాటి పంచాంగమును కాదని కొత్తదానిని నమ్ముట గృహస్థులకు సంకటముగనే యుండును. వాక్య పంచాంగమును విడువనివారు పెక్కుమంది. వారి పక్షమునను ఒక న్యాయము కలదు. ఊరందరు ఒకే దినమున పండుగ చేసికొనుట కూడ ధర్మమే. ఐనను గ్రహణము వచ్చిన దినమున ఈ వాదము నిలువదు. చెప్పిన వేళకు చంద్రుని అంచు చీకటిపడినదా లేదా అనునదే మిగులును. ఆచార్యులవారి పంచాంగమునకు బలము అదియే. పూర్వుల శాస్త్రమును ఆయన తిరస్కరింపలేదు; వారు చెప్పిన బీజ సంస్కారమునే తన కాలపు సాధనములతో నెరవేర్చిరి.

1878 నాటికి ఆయన ఆరోగ్యము చెడినది. 1880వ సంవత్సరము ఫిబ్రవరి 5వ తేదీన ఆయన దివంగతులైరి. వేధశాల పని ఆయన తరువాతను సాగినది. 1891లో పోగ్సన్ మరణించెను. 1899లో జ్యోతిష పరిశీలనల పని కొడైకెనాలు కొండకు మార్చబడెను. అదియే నేటి భారతీయ తారాభౌతికశాస్త్ర సంస్థకు మూలము. చిత్తూరునకు దక్షిణముగా జవ్వాది కొండలలోని కావలూరున ఆ సంస్థ నడుపుచున్న పెద్ద దూరదర్శినులు కలవు. ఆ విధముగా ఆచార్యులవారు కొలువు చేసిన వేధశాల యొక్క వారసత్వము ఈ సీమకు సమీపముననే నిలిచి యున్నది.

పంచాంగ సంస్కరణపు మాట కూడ ఆయనతో అంతరింపలేదు. స్వాతంత్ర్యానంతరము 1952లో భారత ప్రభుత్వము మేఘనాథ్ సాహా అధ్యక్షతన పంచాంగ సంస్కరణ సంఘమును నియమించెను. దేశమున నడుచుచున్న పలు పంచాంగములను తెప్పించి పరిశీలించిన ఆ సంఘము 1955లో నివేదిక సమర్పించినది. 1957 మార్చి 22 నుండి రాష్ట్రీయ పంచాంగము అమలులోనికి వచ్చినది. అందలి తిథులు, నక్షత్రములు, గ్రహణములు దృగ్గణితమును అనుసరించి గణింపబడుచున్నవి. ఎనుబది యేండ్లకు ముందు ఒక సహాయోద్యోగి తన పూనికతో సాగించిన మార్గమును, ప్రభుత్వము దేశమంతటికి అంగీకరించినదన్న మాట.

ఆచార్యులవారు చూచిన గ్రహణములు ఆయనతోనే గతించిపోలేదు. గ్రహణములకును వంశపరంపర కలదు. చంద్రుని మార్గము సూర్యుని మార్గమునకు సుమారు అయిదు అంశలు వాలి యుండును. ఆ రెండు మార్గములు ఖండించుకొను బిందువులకే మన పూర్వులు రాహువు, కేతువు అని పేరిడిరి. పౌర్ణమినాడు చంద్రుడు ఆ బిందువులలో నొకదాని చెంత నుండెనేని భూమినీడలో పడును. లేనిచో నీడకు మీదుగనో క్రిందుగనో తప్పించుకొనును. అందుచేతనే ప్రతి పౌర్ణమికి గ్రహణము పట్టదు. 223 చాంద్రమాసములు గడచుసరికి సూర్యుడు, చంద్రుడు, రాహుకేతు బిందువు ముగ్గురును దాదాపు మొదటి పొందికకే వత్తురు. ఆ కాలము 18 సంవత్సరముల 11 దినముల 8 గంటలు. నడుమ అధిక దినములు పడినదానిని బట్టి తేదీలో ఒక దినము అటునిటు అగును. దీనిని సారోస్ చక్రమందురు. బాబిలోనియా దేశపు ప్రాచీనులు దీనిని ఎరిగి యుండిరి.

ఆ చివరనున్న ఎనిమిది గంటలే ఇందలి చమత్కారము. ఎనిమిది గంటలలో భూమి మూడవ వంతు తిరుగును. కావున తరువాతి గ్రహణము వేరొక భూభాగమునకు కనబడును. మూడు చక్రములు ముగిసినప్పుడు, అనగా 54 సంవత్సరముల మీద నెల దాటిన కొద్ది దినములకు, అది మరల దాదాపు అదే దేశమునకు వచ్చును. అవినాశిలో 1871 డిసెంబరు 12న చూచిన సూర్యగ్రహణమునకు ఆరవ చక్రమున వచ్చినదే 1980 ఫిబ్రవరి 16వ తేదీ సంపూర్ణ సూర్యగ్రహణము. దాని నీడ తెలుగునేలపై నుండి సాగగా, ఉస్మానియా విశ్వవిద్యాలయమువారి జపాల్–రంగాపురము వేధశాలలో పరిశీలించిరి. వనపర్తిలో మబ్బు మూసిన 1868 గ్రహణపు పరంపరలో మూడవ చక్రమునకు వచ్చినది 1922 సెప్టెంబరు 21వ తేదీ గ్రహణము. దానిని చూచుటకు కొడైకెనాలు నుండి ఒక బృందము ఆస్ట్రేలియా వరకు పోయెను.

చంద్రగ్రహణములందును ఇదే క్రమము. ఆచార్యులవారు వేధశాలలో పనిచేయుచున్న కాలమున, 1866 సెప్టెంబరు 24న ఒక సంపూర్ణ చంద్రగ్రహణము సంభవించెను. మన దేశమున అది సాయంకాలము దాటిన వేళ. మూడు చక్రములకు 1920 అక్టోబరు 27న అది తిరిగి వచ్చెను. మరి మూడు చక్రములకు 1974 నవంబరు 29న వచ్చెను. ఆ పరంపరలో మరల మన దేశపు రాత్రివేళకు వచ్చునది 2028 డిసెంబరు 31వ తేదీ ఆదివారపు సంపూర్ణ చంద్రగ్రహణము. 1163వ సంవత్సరమున మొదలై 2443వ సంవత్సరమున ముగియు ఈ పరంపరలో మొత్తము 72 గ్రహణములు. 2028 నాటిది 49వది. నడుమ ఇతర దేశములకు కనబడిన తోబుట్టువులును కలవు. 1884 అక్టోబరు 4వ తేదీ గ్రహణమున చంద్రుడు ఎర్రబారుటకు మారుగా మిక్కిలి నల్లబడెను. ముందటి యేట క్రాకటోవా అగ్నిపర్వతము పేలి గాలిలోనికి ఎగజిమ్మిన ధూళియే దానికి కారణము. 1992 డిసెంబరు 9వ తేదీ గ్రహణమును పినటూబో అగ్నిపర్వతపు ధూళి వలన అట్లే నల్లగ నుండెను. నీడ వేళను లెక్క చెప్పగలదు. నీడ రంగును మాత్రము భూమిపైనున్న గాలి నిర్ణయించును.

2028 డిసెంబరు 31వ తేదీ రాత్రి ఆకాశము నిర్మలముగ నున్నచో కాణిపాకమున ఈ గ్రహణము ఆదినుండి అంతము వరకు కనబడును. చంద్రుడు మిథునరాశిలో ఆర్ద్రా నక్షత్రమున నుండును. భూమి యొక్క గాఢమైన నీడ రాత్రి సుమారు 8 గంటల 37 నిమిషములకు చంద్రుని అంచున సోకును. 9 గంటల 46 నిమిషములకు బింబమంతయు నీడలో మునుగును. 10 గంటల 22 నిమిషములకు నడుమ కాలము. 10 గంటల 57 నిమిషములకు వెలుగు మరల మొలకెత్తును. కొత్త సంవత్సరము పుట్టిన కొద్ది నిమిషములకు నీడ పూర్తిగ వీడును. సూర్యగ్రహణమును వట్టి కంటితో చూచుట కంటికి హాని. చంద్రగ్రహణమున కట్టి ప్రమాదము లేదు. పిల్లలును, పెద్దలును భయము లేక చూడవచ్చును. దూరదర్శిని అవసరము లేదు. సరిగా నడచు గడియారమొకటి, చేత నొక పంచాంగము ఉన్న చాలును.

బాహుదానదీ తీరమున ఆ రాత్రి పంచాంగమును చేతబట్టి, పట్టు వేళను గడియారముతో సరిచూచు ప్రతి విద్యార్థియు రఘునాథాచార్యులవారు చేసిన పనినే చేసినవాడగును. పెద్దలు చెప్పినదానిని గౌరవముతో నేర్చుకొనుట, నేర్చినదానిని కన్నులార పరీక్షించుట, తప్పు కనబడినచో దిద్దుకొనుట, దిద్దినదానిని పదిమందికి పంచుట అను నాలుగును ఆయన జీవితమున కలిసి యున్నవి. ఆయన పేరును నేడు పంచాంగము చూచువారిలో ఎరిగినవారు కొందరే. గ్రహణము చెప్పిన వేళకు పట్టి, చెప్పిన వేళకు విడిచిన ప్రతి పర్యాయము, ఆ నిజములో ఆయన కృషికిని పాలు కలదు.